అద్దం ముందు చెప్పని మాట

పొద్దున్నే స్తుతి అద్దం ముందు నిలబడి అద్దానికే మందు అమ్ముతోంది.

"డాక్టర్ గారూ, మా గోలీ రోజుకు ఒక్కటే చాలు. టిఫిన్‌కు ముందు వేసుకుంటే షుగర్ రోజంతా అదుపులో ఉంటుంది."

ఆమె మందుల కంపెనీలో మెడికల్ రెప్‌గా చేరి ఇంకా ఏడాది నిండలేదు. ఈ రోజు కరీంనగర్‌లో మీటింగ్. ఉద్యోగం పర్మనెంట్ చేస్తారో, సంచి అప్పజెప్పి వెళ్లమంటారో అక్కడే తేలుతుంది.

"మంచిగనే చెప్తున్నవు బిడ్డా. జర ఉప్మా తిని చెప్పు," అంది వంటింట్లోంచి తల్లి మగ్దలేనమ్మ. వినీ వినీ ఆ పాఠం ఆమెకూ కంఠతా వచ్చేసింది. బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసిన భర్త పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరే. బైబిలు వాక్యం తర్వాత మగ్దలేనమ్మకు అంత నమ్మకం కూతురి మాట మీదే.

ముద్ద నోట్లో పెట్టుకునేలోగా పక్కింటి శ్యాంసుందర్ గోడ మీంచి పిలిచాడు. "స్తుతి చెల్లె, జర రా. మా అవ్వ ఎంత లేపినా లేస్తలేదు. ఒళ్లంత చెమటలు."

శ్యాంసుందర్ తల్లి బాలలక్ష్మికి షుగర్ ఉన్న సంగతి వాడకట్టంతా తెలుసు. మంచం మీద ఆమె ఒళ్లు చల్లగా తడిసి ఉంది, పిలిస్తే పలకలేదు. షుగర్ పడిపోయిందని స్తుతికి అర్థమైంది.

"నోట్లె ఏం పోయకు అన్నా, పొలమారుతది. ఆటో పిలువు," అంటూ దిండు సర్దబోయింది. దిండు కింద గోలీల షీటు ఉంది. అమ్మకానికి కాదని దాని మీద ముద్ర. అది డాక్టర్లకు ఇచ్చే శాంపిల్, తన కంపెనీదే.

స్తుతి వెనక్కి తిరిగి చూసింది. వాకిట్లో నిలబడ్డ మగ్దలేనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. షీటు ఎవరిచ్చారో ఇక అడగాల్సిన పని లేకపోయింది.

ఆటోలో దారి పొడవునా ఆ షీటు స్తుతి గుప్పిట్లోనే నలిగింది. ఆసుపత్రిలో ఉన్నది ఆమె వారం వారం గుమ్మం బయట కాచుకునే డాక్టరే. నిజం చెబితే కరీంనగర్‌కు తెలియకుండా ఉండదు, ఉద్యోగం ఉండదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెప్పొద్దనే అనిపించిందామెకు, అబద్ధమెందుకు?

"ఏం మందులు వేసుకుంది?" అన్నాడు డాక్టర్.

"ఎప్పటి షుగర్ గోలియే సార్. నిన్న సోమారం ఒక్కపొద్దుండె, తిండి సరిగ తినలే," అన్నాడు శ్యాంసుందర్.

"అయినా ఇంతగా పడిపోవద్దే."

వెనకాముందాడిన స్తుతి గుప్పిట చివరికి విచ్చుకుంది. "సార్, ఇది గూడ ఏసుకున్నది. మా ఇంట్లకెల్లే పోయింది."

డాక్టర్ షీటు చూసి, ఆమె ముఖం చూశాడు. "రెండూ ఒకే రకం మందు కదమ్మా," అని మాత్రం అని నర్సు వైపు తిరిగాడు. గ్లూకోజ్ ఎక్కించారు. మందు ప్రభావం అంత తొందరగా పోదని, రేపటిదాకా కనిపెట్టి ఉండాలని చెప్పారు.

వరండాలోకి రాగానే స్తుతి, ఆటోలో వెంట వచ్చిన తల్లి మీద విరుచుకుపడింది. "నిన్నెవలు డాక్టర్‌ను చేసిండ్రే అవ్వా? సజ్జ మీది శాంపిళ్లు ముట్టద్దని చెప్పిననా లేదా?"

"చెప్పినవ్." మగ్దలేనమ్మ తల ఎత్తలేదు. "చర్చిల ఆడోళ్లు అన్నరు, మగ్దలేనమ్మ బిడ్డ సంచేసుకొని డాక్టర్ల గడపల పొంటి తిరుగుతదని. నా పానం ఊకోలే. నా బిడ్డది మంచి పని అని చూపిద్దామనుకున్న. ఇంకా ఇద్దరికి గూడ ఇచ్చిన."

"ఇంకా ఇద్దరికా? పాత గోలీతోని కలిపి ఏసుకోవద్దని తెల్వదా నీకు?"

"ఎట్ల తెలుస్తది బిడ్డా? రోజు అద్దం ముంగట ఒక్కటి చాలంటివి, మంచిగుంటదంటివి. నువ్వు చెప్పినట్టే చెప్పిన, ఒక్క ముక్క తప్పలే. చెడు గూడ జరుగుతదని ఏనాడన్న అన్నవా?"

చెడు జరగొచ్చన్న సంగతి స్తుతికి తెలియక కాదు. డాక్టర్ అడిగితేనే చెప్పమన్నారు కంపెనీ వాళ్లు, ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు. కోపమంతా కరిగి కన్నీళ్లయింది. తల్లి చెయ్యి పట్టుకుంది. "నడువు అవ్వా. ముందుగాల గా ఇద్దరి ఇండ్లకు పోదాం."

దారిలో మేనేజర్ ఫోన్ చేశాడు. "ఈ రోజు రాలేను సార్. ఎందుకో మొత్తం చెబుతాను, వినండి," అంది. ఆయన అంతా విన్నాడు. తర్వాత మాట్లాడదామన్నాడు.

దేవుని దయ, ఆ ఇద్దరూ షీటు విప్పనే లేదు. ఒక్కో గుమ్మంలో తల్లి తలవంచుకుంటే కూతురే ముందుకొచ్చి తప్పు చెప్పింది. సాయంత్రానికి బాలలక్ష్మి కళ్లు తెరిచి, "ఏమే మగ్దలేనా, మీ ప్రభువు దగ్గరికి నన్ను ముందుగాల తోలుదామనుకున్నవా?" అంది. మగ్దలేనమ్మ ఆమె చేతులు పట్టుకుని బావురుమంది.

కొన్నాళ్లకు కంపెనీ కబురొచ్చింది. పర్మనెంట్ ఇప్పట్లో లేదు, ఇంకొన్నాళ్లు చూస్తారట. సంచి మాత్రం ఉంచుకోమన్నారు.

మర్నాడు పొద్దున స్తుతి మళ్లీ అద్దం ముందు నిలబడింది.

"డాక్టర్ గారూ, ముందు ఈ మందు ఎవరికి ఇవ్వకూడదో చెబుతాను."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఆ మాట జర గట్టిగ చెప్పు బిడ్డా," అంది మగ్దలేనమ్మ.