ఊళ్లో ఉన్న ఒకే ఒక్క కొట్టు

ఆ ఉదయం కూడా నెస్టర్ ఇంట్లో కాఫీ ముట్టకుండానే టోపీ పెట్టుకున్నాడు.

"ఏం, ఇంట్లో కాఫీలో విషం కలిపానా?" అంది పరాస్కా, గిన్నె దించుతూ.

"అది కాదే. అక్కడైతే నలుగురం కూర్చుంటాం. ఎవరి గోధుమ తడిసింది, ఎవరి మోకాలు సలుపుతోంది... అదో కాలక్షేపం."

"కోడలు పోస్తేనే గొంతు దిగుతుంది. నేను పోస్తే దిగదు."

అతను నవ్వేసి తలుపు లాక్కుని వెళ్లిపోయాడు. కిటికీ దగ్గర నిలబడితే గార్నెట్ ఊరంతా కనిపిస్తుంది. అంతే ఊరు మరి! మూసేసిన బడి, పోస్టాఫీసు, మంచు పడ్డాక స్కేటింగ్ ఆడే షెడ్డు, ఊరందరి హాలు, దాని ఎదురుగా ఆమె కొడుకు బోదాన్, కోడలు మారివిక్ నడిపే కొట్టు. ఆపైన ఆకాశం అంచుదాకా గోధుమ చేలే. బ్యాంకు ఎప్పుడో ఎత్తేశారు. ధాన్యం గిడ్డంగి కూల్చేశారు. ఇప్పుడు పాలు కావాలన్నా, మేకులు కావాలన్నా ఆ కొట్టే దిక్కు. లేదంటే గంటసేపు కారు నడుపుకుంటూ టౌనుకు పోవాలి.

మారివిక్‌ది ఫిలిప్పీన్స్. టౌనులోని వృద్ధాశ్రమంలో పని చేయడానికి వచ్చి, బోదాన్‌ని చేసుకుని ఇక్కడ స్థిరపడింది. కొట్లో ఓ మూల బల్లలు వేసి కాఫీ, సూపు మొదలుపెట్టింది. అప్పటిదాకా ఊళ్లో ముసలివాళ్లందరూ బుధవారాలు హాల్లో పరాస్కా పోసే కాఫీకి చేరేవారు. పెళ్లయినా, చావయినా, కోతలయ్యాక పెట్టే టర్కీ కోడి విందయినా హాలు వంటగదికి పరాస్కాయే రాణి. ఆమె ఊఁ అనందే ఉల్లిపాయ తరిగేవాళ్లు కాదు. ఇప్పుడు బుధవారాల్లో హాల్లో కుర్చీలే మిగిలాయి. రోడ్డు దాటి వచ్చే నవ్వుల్లో మొగుడి నవ్వు కూడా వినిపిస్తే ఆమె హాలు కిటికీ మూసేసేది. ఇంట్లో అతను అలా నవ్వి ఎన్నేళ్లయిందో!

ఆ వారంలోనే ఎల్సీ ముసలమ్మకు వాంతులు పట్టుకున్నాయి. పరాస్కా చూడ్డానికి వెళ్తే, "నా పిసినారి బుద్ధే నా కొంప ముంచింది. పారేయాల్సిన పాత సాసేజ్ వేయించుకు తిన్నాను" అని ఎల్సీయే మూలుగుతూ చెప్పింది.

మర్నాడు, రాబోయే కోతల విందు కోసం హాల్లో గిన్నెలు తోముతున్న ఆడవాళ్ల మధ్య పరాస్కా గొంతు తగ్గించింది. "ఎల్సీ సంగతి విన్నారా? కొట్లో సూపు తాగిందట."

"అయ్యో! నిజమా?"

"నా నోటితో చెప్పకూడదు, నా కోడలు. కానీ నిప్పు లేనిదే పొగ రాదు కదా. వాళ్ల దేశపు చేపనీళ్లేవో కలుపుతుంది. ఎన్నాళ్ల మాంసమో ఏమో!"

అంతే. చిన్న ఊళ్లో అబద్ధానికి కాళ్లక్కర్లేదు, గాలి చాలు. వారం తిరక్కుండా కొట్లో బల్లలు ఖాళీ అయ్యాయి. జనం పాలు, రొట్టె కూడా టౌను నుంచి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. నెస్టర్ ఒక్కడే మానలేదు. రోడ్డున పోయేవాళ్లందరికీ కనబడేలా కిటికీ పక్కనే కూర్చుని రెండేసి గిన్నెల సూపు తాగేవాడు. ముసలాడికి చాదస్తం అని నవ్వుకున్నారు.

విందు రోజు మారివిక్ క్యాబేజీ ఆకుల్లో అన్నం, మాంసం పెట్టి చుట్టి, పెద్ద పళ్లెం నిండా వండి పట్టుకొచ్చింది. వంటగది గుమ్మంలోనే పరాస్కా అడ్డం నిలబడింది.

"అక్కడే ఆగు. ఇది పదిమంది తినే చోటు."

"ఎల్సీ ఆంటీని అడిగాను అత్తయ్యా" అంది మారివిక్. "తన ఇంట్లో సాసేజ్ తిన్నానని చెప్పింది. మీతో కూడా అదే చెప్పిందట. మరి నా పేరెందుకు చెప్పారు?"

కత్తులన్నీ ఆగిపోయాయి. ఆడవాళ్లంతా పరాస్కా వంకే చూస్తున్నారు. ఒప్పుకుంటే ఆ వంటగదిలో తన మాట ఇంక చెల్లదని ఆమెకు అర్థమైంది.

"దానికి వయసు మీద పడింది. ఏం తిందో, ఏం వాగిందో దానికే గుర్తుండదు" అంటూ పళ్లెం లాక్కుని, ముక్క రుచయినా చూడకుండా చెత్తడబ్బాలో బోర్లించింది. "ముసలోళ్ల ముడ్లు కడిగిన చేతులు. ఆ చేతి కూడు నా ఊరికి పెట్టను."

మారివిక్ వెనకే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ బోదాన్ తల దించుకున్నాడు.

"నువ్వయినా మాట్లాడవా?" అని అడిగింది మారివిక్.

"అమ్మ సంగతి నీకు తెలుసుగా... విందయ్యాక మాట్లాడుకుందాం."

మారివిక్ ఖాళీ పళ్లెం తీసుకుని, కుళాయి కింద కడిగి, చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ రోజు విందు బాగా జరిగిందని అందరూ పరాస్కాను మెచ్చుకున్నారు.

మంచు పడకముందే కొట్టు మూతపడింది. మారివిక్ నగరంలో పని వెతుక్కుని వెళ్లిపోయింది. కొన్నాళ్లకు బోదాన్ కూడా, తల్లికి ఫోనులో ఒక్క మాట చెప్పి, ఆమె వెనకే వెళ్లాడు. కొట్టు తలుపుకు చెక్కలు కొట్టేశారు. ఇప్పుడు అందరూ తన కాఫీకే వస్తారనుకుంది పరాస్కా. ఎవరూ రాలేదు. ముసలివాళ్లు టౌనుకు పోవడం అలవాటు చేసుకున్నారు. నెస్టర్ కూడా.

జనవరిలో ఓ పొద్దున గాలి మంచును రోడ్డుకు అడ్డంగా ఈడ్చుకుపోతోంది. ఎదురిల్లు కూడా కనబడటం లేదు. నెస్టర్ బూట్లు తొడుక్కుంటున్నాడు.

"ఈ గాలిలో ఎక్కడికి?"

"కాసేపు మనుషుల మధ్య కూర్చుని వస్తాను పరాస్కా. ఇంట్లో ఊపిరాడట్లేదు."

"అంటే నేను మనిషిని కాదా? పో! పోయి అక్కడే ఉండిపో!"

అతను ఆమె వైపు ఒక్కసారి చూశాడు. కారు తాళాలు తీసుకున్నాడు. టౌను మలుపు దగ్గర కారు కందకంలోకి జారింది. గాలి తెరిపిచ్చాక, మంచు తోసే బండివాడు చూసేసరికి అంతా అయిపోయింది.

చర్చిలో ప్రార్థన అయ్యాక భోజనాలు హాల్లోనే. ఎంతోమందికి కర్మ భోజనం వండించిన పరాస్కా తన మొగుడి భోజనానికి రొట్టె కోయలేక వంటగదిలో నిలబడిపోయింది. తోడు వచ్చిన ఆడవాళ్లు ఆమెకు ఎదురు పడకుండా పని చేసుకుంటున్నారు. బోదాన్ బయట జనంతో ఉండగా, గుమ్మంలో మారివిక్ కనబడింది. కోటు విప్పి, నడుముకు బట్ట చుట్టుకుని నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్లింది.

"నీ కోసం రాలేదు. మామయ్య కోసం వచ్చాను" అంది, అటు తిరిగే. మొదటిసారి ఆమె నోట 'మీరు' రాలేదు.

పరాస్కా కత్తి కింద పెట్టింది. బల్ల అంచు పట్టుకుంది. "నేనే చెప్పాను ఆ అబద్ధం. తెలిసే చెప్పాను. ఆ కొట్టు ఉంటే నా ముసలాడు రోడ్డు దాటి కాఫీ తాగి ఇంటికొచ్చేవాడు. నేనే చంపుకున్నాను మారివిక్!"

గరిటె తిప్పుతున్న చెయ్యి ఆగింది.

"ఆయనకు తెలుసు. మొదటి రోజే ఎల్సీ చెప్పిందట."

"తెలుసా? మరి నన్నొక్క మాట అనలేదే!"

"విందయ్యాక నేనూ అదే అడిగాను. 'నాకు తెలిసిపోయిందని తెలిస్తే అది నా ముందు తలెత్తుకు తిరగలేదమ్మా. దానికి ఆ హాలు, నేను తప్ప ఇంకేం లేదు. నువ్వు చిన్నదానివి, ఎక్కడైనా బతుకుతావు. నువ్వే ఓర్చుకో' అన్నాడు." మారివిక్ గరిటె పక్కన పెట్టింది. "నీ సుఖం కోసం నా బతుకు అడిగాడు మామయ్య. నేను ఇచ్చాను. అలా అడిగినందుకు ఆయన్ని కూడా క్షమించలేకపోతున్నాను."

పరాస్కా నేల మీద కూలబడింది. చర్చిలో రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది, పొట్టలోంచి, పశువు అరిచినట్టు. ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు కానీ ఎవరూ కదల్లేదు. ఆ రోజు ఆ పళ్లెం బోర్లించినప్పుడూ ఇలాగే కదల్లేదు.

చాలాసేపటికి మారివిక్ పొయ్యి తగ్గించి వచ్చింది. ఆమె చంకల కింద చేతులు వేసి, ఆశ్రమంలో మంచాన పడ్డవాళ్లను లేపినట్టు, బరువు తన నడుము మీదకు తీసుకుని లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. తడిగుడ్డతో ఆమె మొహం తుడిచింది. ఆ చేతులు మెత్తగానే ఉన్నాయి. మాట మాత్రం మెత్తబడలేదు.

"ఏడుపు ఇంటికెళ్లాక ఏడుద్దురు గాని. జనం లోపలికి వస్తున్నారు. ముందు వాళ్లకు కాఫీ పోయండి అత్తయ్యా."