ఉన్ని ఉతికిన అతిథి

ఇట్టో రెండు రోజులు ఉతికి, ఏటి ఒడ్డున రాళ్ల మీద ఆరబెట్టిన ఉన్నిని నిజార్ జీపు ఒక్క క్షణంలో బురదపాలు చేసింది.

"కళ్లు నెత్తికెక్కాయా?" ఇట్టో అరబ్బీలో అడిగింది.

"గొర్రెలు పడుకున్నాయనుకున్నానండీ."

"పడుకున్న గొర్రెల మీద బురద చల్లొచ్చా?"

"హారన్ కొట్టాను. లేవలేదు."

నిజార్ కాసాబ్లాంకా నగరం నుంచి ఆ కొండ ఊరి బడికి సోలార్ పలకలు బిగించడానికి వచ్చాడు. ఆ సాయంత్రమే వాన దంచికొట్టింది. లోయకున్న ఒక్క దారీ కొట్టుకుపోయింది. దారిలో చిక్కుకున్నవాణ్ణి ఇంటికి తీసుకెళ్లకపోతే అట్లాస్ కొండల్లో పరువుండదు. తీసుకెళ్లినవాడు ఇట్టో తండ్రి జైద్.

రొట్టె, ఆలివ్ నూనె, అక్రోట్లు, పుదీనా టీ వచ్చాయి. నిజార్‌కి కొండ భాష రాదు; ఆ ఇంట్లో అరబ్బీ వచ్చింది హాస్టల్లో ఉండి చదివిన ఇట్టోకొక్కదానికే.

"ఉన్ని పాడుచేసినందుకు క్షమించమని చెప్పండి," అన్నాడు నిజార్.

"మళ్లీ తనే ఉతుకుతాడట," అని ఇట్టో తండ్రికి చెప్పింది.

జైద్ అదిరిపడ్డాడు. "అతిథి చేత పనా? వద్దను."

"ఉతకనివ్వకపోతే రొట్టె ముట్టడట నాన్నా."

ఆ తర్వాత నిజార్ వైపు తిరిగి, "ఇక్కడ అతిథి ఉన్ని ఉతకడం ఆచారం," అంది. ముఖంలో నవ్వు లేదు.

మూడు రోజులు నిజార్ మోకాలి లోతు చన్నీళ్లలో నిలబడి ఉన్ని తొక్కాడు. ఇట్టో రాయి మీద కూర్చుని వంకలు పెట్టింది.

"మెల్లగా. అది ఉన్ని, మీ శత్రువు కాదు."

"నా కాళ్లు ఉన్నాయో లేదో చూసి చెప్పండి."

"రెండూ ఉన్నాయి. కానివ్వండి."

మూడోరోజు చినుకులు పడితే తన శాలువా తీసి అతని తల మీద వేసింది. ఉన్ని తడుస్తుందని కాదు. అది అప్పటికే తడిసి ఉంది.

నాలుగోరోజు పొద్దున జైద్ టీ ముట్టలేదు.

"అతిథుల చేత చాకిరీ చేయించే ఇల్లట మనది. ఊరంతా అంటున్నారు. మా తాత కాలం నుంచీ ఈ గుమ్మం ఇలాంటి మాట పడలేదు."

ఇట్టో చేతిలో రొట్టె పక్కన పెట్టింది. నిజం చెప్పేసింది. జైద్ గుమ్మం వైపు చెయ్యి చూపాడు.

"వెళ్లి అతనికీ చెప్పు."

ఏట్లో అప్పటికే ఉన్ని తొక్కుతున్న నిజార్ దగ్గరికి వెళ్లి చెప్పింది. "అలాంటి ఆచారమేం లేదు. నేనే కల్పించాను."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదటిరోజు నుంచే. అవతలి ఒడ్డున ఆడవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే తెలీదా?"

"మరెందుకు ఉతికావు?" తెలియకుండానే నువ్వులోకి దిగింది ఇట్టో.

"ఉన్ని అయిపోతే నువ్వు ఆ రాయి మీంచి లేచి వెళ్లిపోతావుగా."

ఇట్టో వెళ్లి ఆ రాయి మీదే కూర్చుంది.

మర్నాడు దారి బాగైంది. బయల్దేరే ముందు నిజార్ జైద్ ఎదుట కూర్చున్నాడు.

"మీ అమ్మాయిని పెళ్లి చేసుకోవాలనుంది. ఇట్టో, ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పు."

చెవులు ఎర్రబడుతుంటే, తల దించుకుని, ఉన్నది ఉన్నట్టే చెప్పింది.

"ఇది అతని మాటా, నీ మాటా?" జైద్ అడిగాడు.

"ఇద్దరిదీ నాన్నా."

జైద్ మూడో గ్లాసు టీ తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"అతిథి ఉతికితే ఇంటికి మచ్చ. అల్లుడు ఉతికితే ఎవరూ అడగరు. అమ్మానాన్నలతో రమ్మను."

ఇట్టో నిజార్ వైపు తిరిగింది.

"అమ్మానాన్నలతో త్వరగా రమ్మంటున్నాడు."

త్వరగా అని జైద్ అనలేదు.