నిచ్చెన పట్టే చెయ్యి

పొద్దున్నే శామీర్‌పేటలో చేపలు అమ్ముకుని ఇంటికొచ్చిన మైసమ్మ, కొడుకు ఎడమచేత్తో చాయ్ తాగడం చూసింది. నిన్న కూడా అంతే. కుడిచెయ్యి ఒళ్లో దాచుకున్నాడు.

"చేతికేమైందిరా?"

"ఏం గాలే అమ్మా. నరం పట్టింది."

సెలవు మీద వచ్చిన జైపాల్ విశాఖ రేవులో పైలట్. సముద్రంలో ఆగిన ఓడ దగ్గరికి చిన్న పడవలో వెళ్లి, దాని పక్కన వేలాడే తాళ్ల నిచ్చెన ఎక్కి, కెప్టెన్ పక్కన నిలబడి దారి చెబుతూ ఓడను రేవులోకి తేవాలి. ఆ పనికి లైసెన్సు ఉండాలి. అది నిలవాలంటే ఒళ్లు బాగుందని డాక్టరు రాసివ్వాలి. సోమవారమే ఆ పరీక్ష.

కోడలు శోభారాణి నూనె గిన్నె తెచ్చి అత్త ముందు పెట్టింది.

"జర గట్టిగ రుద్దు అత్తా. సోమవారం గడిస్తె సాలు. పట్టు తప్పుతాందని డాక్టరుకు జెప్పొద్దని నేనే అన్న."

"పట్టు తప్పుతాందా?"

జైపాల్ విసుక్కున్నాడు. "ఓడను చేత్తోని నూకుతనా అమ్మా? నోటితోని జెప్పుడే నా పని."

"మరి పైకెట్ల పోతవ్? నోటితోని ఎక్కుతవా?"

మైసమ్మ లేచింది. భర్త గాలయ్య చెరువులో చేపలు పట్టిన రోజుల్లో, తెప్ప ఎక్కే ముందు ప్రతివాడూ తడిసిన వల ఒక కొస పట్టుకుని పిండాలి. చెయ్యి జారినవాడు ఆ రోజు ఒడ్డునే. ఎంత దగ్గరివాడైనా అంతే. ఆమె బకెట్లో నానుతున్న దుప్పటి తీసి ఒక కొస కొడుకు కుడిచేతికిచ్చింది.

"పట్టు."

"గిదేం పంచాయితీ అత్తా, ఆయనేమన్న సిన్నపిల్లగాడా?"

"నువ్వాగు బిడ్డా."

మైసమ్మ రెండో కొస పట్టి మెలిపెట్టింది. గట్టిగా తిప్పడానికి మనసు రాక, మెల్లగానే తిప్పింది. అయినా దుప్పటి అతని వేళ్లలోంచి జారి వాకిట్లో బురదలో పడింది.

జైపాల్ వంగి దుప్పటిని ఎడమచేత్తో తీశాడు.

"మొన్న నిచ్చెన మీద గూడ గిట్లనే అయింది. కింద పడవల ఉన్నాయన కాళ్లు పట్టి ఆపిండు."

శోభారాణి నూనె గిన్నె పక్కకు నెట్టి అతని ముందు కూర్చుంది. "నాకెందుకు జెప్పలే?"

"జెప్తే పోనిస్తవా?"

"ఓడ లేకుంటె నువ్వు బతకవనుకున్న. గందుకే దాచమన్న," అందామె.

మైసమ్మ కొడుకు పక్కన కూర్చుంది. "మీ నాయినది గూడ గిట్లనే చెయ్యి జారిననాడు ఆయన అన్నం ముట్టలే. ఏమనాల్నో నాకు తెల్వలే. ఇప్పుడు గూడ తెల్వదు కొడుకా."

అప్పుడతను తల్లి భుజం మీద తలపెట్టి ఏడ్చాడు. కాసేపటికి ముఖం తుడుచుకుని ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"చెయ్యి పట్టు తప్పింది సార్. నన్ను ఓడల మీదికి పంపకండి."

ఎన్నాళ్లని అడిగారు అవతల. అన్ని ఓడలకు దారి చెప్పిన నోటికి 'ఇగ రాను' అనే ఒక్క మాట రాలేదు.

శోభారాణి లేచి ఫోన్ అందుకుంది.

"ఆయన భార్యను సార్. ఇగ పంపకండి. మాకు మనిషి కావాలె."