ముప్ఫై నాలుగో ఊరు

శనివారం పొద్దున ఏడు గంటలకి వంటింట్లో మేనత్త అన్నం డబ్బాల మూతలు బిగిస్తోంది. తండ్రి టేబుల్ మీద మ్యాపు పరిచి, వెళ్ళాల్సిన దారి పెన్సిలుతో చూసుకుంటున్నాడు. ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే పదిహేనేళ్ళ కూతురు ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడి, ఒక మాట అడగడానికి సమయం చూస్తోంది.

ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఒక నోటుపుస్తకం పేజీ ఉంది. దాని మీద ఒక ఊరి పేరు, కింద 'ఉప్పు మ్యూజియం, తప్పకుండా చూడాలి' అన్న మాటలు. అక్షరాలన్నీ కుడివైపు కొంచెం వాలి, తలకట్లు గాలికి లేచినట్టు పొడుగ్గా ఉన్నాయి. అది తల్లి చేతిరాత.

తల్లీ తండ్రీ పిచ్చుకా ఈ దేశానికి వచ్చి నాలుగేళ్ళయింది. శని ఆదివారాలు వస్తే తల్లి ఇంట్లో కాలు నిలిపేది కాదు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళని అడిగి, కొట్లో బిల్లు వేసే అమ్మాయిని అడిగి, చూడాల్సిన చోట్లన్నీ ఒక పుస్తకంలో పేజీకి ఒకటి చొప్పున రాసుకునేది. జబ్బు చేశాక కూడా మంచం మీద నుంచి రాసింది. ఆమె పోయి పదిహేను నెలలు. రెండు నెలలకి తండ్రి అక్క వచ్చి ఇల్లు చూసుకోవడం మొదలుపెట్టింది. అప్పటినుంచి తండ్రి వీలైనప్పుడల్లా శుక్రవారం సాయంత్రం బీరువాలోంచి ఆ పుస్తకం తీసి, ఒక పేజీ చింపి ఫ్రిజ్ మీద పెడుతున్నాడు. శనివారం ముగ్గురూ అక్కడికి వెళ్ళి వస్తారు. ఆ తర్వాత పేజీ పిచ్చుకది. ఆమె వాటిని ఒక ఫైల్లో దాచుకుంటోంది.

"నాన్నా, వచ్చే శనివారం నేను రాను."

తండ్రి మ్యాపు మీదనుంచి తల ఎత్తలేదు. "ఎందుకని?"

"పడవ పోటీలకి టీం ఎంపిక చేస్తున్నారు. తెడ్లు వేసే ఎనిమిది మందికీ ఎదురుగా కూర్చుని లెక్క చెప్పేది నేను. ఈ నెలలో మూడుసార్లు మానేశాను. ఈసారి కూడా రాకపోతే వేరే అమ్మాయిని కూర్చోబెడతామని టీచర్ చెప్పేసింది."

"ఆదివారం పెట్టుకోమను."

"నది నాదా నాన్నా, నేను చెప్పిన రోజు పెట్టుకోవడానికి?"

మేనత్త డబ్బా పక్కన పెట్టి నవ్వింది. "పిల్ల అడిగినదాంట్లో తప్పేముందిరా? ఒక్క వారం ఆగితే ఆ మ్యూజియాలేమన్నా లేచిపోతాయా? పోయిన వారం చూపించావుగా, మూడొందల తాళంకప్పలు. ఒక్కదానికి తాళంచెవి లేదు. నా మోకాళ్ళు పట్టేశాయి."

"ఇంకా ఆరు పేజీలే మిగిలాయి అక్కా." తండ్రి మ్యాపు మడిచాడు. "అమ్మ రాసింది కదమ్మా. పూర్తి చేద్దాం."

ఆ మాట తర్వాత ఆ ఇంట్లో ఇక మాట ఉండదు. పిచ్చుక బూట్లు తొడుక్కుంది.

రెండు గంటల ప్రయాణం. తండ్రి ఎప్పటిలాగే అరవై దాటకుండా నడిపాడు. దారి పక్కన బల్లలు వేసి పళ్ళు అమ్ముతున్న చోట ఆగలేదు. వంతెన మీద జనం గుమిగూడి నీళ్ళలోకి చూస్తున్న చోటా ఆగలేదు. "మీ అమ్మయితే దిగి, ఏం చూస్తున్నారని వాళ్ళనే అడిగేది," అంది మేనత్త. "తిరిగి వచ్చేటప్పుడు చూద్దాం," అన్నాడు తండ్రి. తిరిగి వచ్చేటప్పుడు ఎప్పుడూ ఆగరని ముగ్గురికీ తెలుసు.

ఉప్పు మ్యూజియం చెరువు గట్టున పొడుగాటి రేకుల కప్పు భవనం. టికెట్లు ఇచ్చే పెద్దావిడ కళ్ళజోడు పైకి జరిపి వాళ్ళని చూసింది. ఆ దేశపు భాష తండ్రికి ఆఫీసు మేరకే వచ్చు, మేనత్తకి అసలు రాదు. బయట మాట్లాడే పని పిచ్చుకదే.

"ఏమంటోంది?" అంది మేనత్త.

"మనం చాలా దూరం నుంచి వచ్చామా అని అడుగుతోంది. ఇంకా ఎవరికీ తెలియని చోటికి వచ్చామని సంతోషపడుతోంది."

పెద్దావిడ చాలాసేపు మాట్లాడింది. చెయ్యి తిప్పి గోడల్ని చూపించింది. పిచ్చుక తలూపుతూ విని, హఠాత్తుగా తలూపడం ఆపేసింది. ఏదో అడిగింది. ఆవిడ నవ్వి జవాబు చెప్పింది. పిచ్చుక మళ్ళీ అడిగింది. ఈసారి ఆవిడ గుమ్మం పక్కనున్న ఇత్తడి పలక చూపించింది.

"ఏంటే, ఇక్కడే తెల్లారేట్టుంది. చెప్పు," అంది మేనత్త.

"ఏడు నెలల కిందట తెరిచారట అత్తా." పిచ్చుక గొంతు మామూలుగానే ఉంది. "అంతకుముందు ఇది వట్టి గోడౌనట. మ్యూజియం పెడదామన్న ఆలోచన కూడా పోయిన ఏడాది చివర్లోనే వచ్చిందట. పేరేం పెట్టాలని ఊళ్ళోవాళ్ళు ఓట్లు వేశారట."

మేనత్తకి వెంటనే అర్థం కాలేదు. తండ్రి టికెట్లు చేతిలో పట్టుకుని, ఇత్తడి పలక మీది తేదీ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ తేదీకి తల్లి పోయి ఎనిమిది నెలలు.

పిచ్చుక బయటికి నడిచింది.

తండ్రి పనిచేసేది పాత నక్షాల విభాగంలో. తడిసిపోయిన, పురుగులు తిన్న మ్యాపుల మీద చెరిగిన పేర్లని, మొదట రాసిన మనిషి చేతిరాతలోనే మళ్ళీ పూరించడం అతని పని. రెండు వందల ఏళ్ళ కిందటి గుమాస్తా రాత కూడా అతని చేతికి వారంలో పట్టుబడుతుంది. ఆఫీసులో అతన్ని మెచ్చుకునేది అందుకే.

కారు దగ్గర పిచ్చుక అతని కోసం నిలబడి ఉంది.

"ఎన్ని అమ్మవి?"

తండ్రి తాళాలు జేబులో వేసుకున్నాడు, మళ్ళీ తీశాడు. "పదకొండు."

"ఎన్ని తిరిగాం?"

"దీంతో ముప్ఫై నాలుగు."

మేనత్త వెనకనుంచి ఆయాసపడుతూ వచ్చింది. "ఏం పదకొండు? ఏం ముప్ఫై నాలుగు? నాకెవరైనా తెలుగులో చెబుతారా?"

"పదకొండు ఊళ్ళు అమ్మ రాసిందత్తా. మిగతా ఇరవై మూడూ నీ తమ్ముడు రాశాడు. అమ్మలాగా."

మేనత్త తమ్ముడి మొహంలోకి చూసింది. కారుకి ఆనుకుని నిలబడింది.

"నా గోడ మీద ఉన్న పేజీ," అంది పిచ్చుక. "కొండ దారిది. 'ఇక్కడ పిచ్చుకని ముందు నడవనివ్వాలి, మనం వెనక రావాలి' అని ఉంటుంది చూడు. అది?"

తండ్రి తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"అదీ నువ్వేనా నాన్నా?"

"పదిహేడో పేజీ," అన్నాడు తండ్రి. "నేనే."

పిచ్చుక మొహం అప్పుడు చెదిరింది. "రోజూ పడుకునే ముందు చదువుకుంటానది. మంచం మీద ఉండి కూడా అమ్మ నా గురించి ఆలోచించి రాసిందనుకున్నాను. నీ మాటే అయితే ఎప్పుడో కాదనేదాన్ని. పోట్లాడేదాన్ని. అమ్మ మాట కాబట్టి నోరు మూసుకుని కారెక్కాను. ఇప్పుడు ఏది అమ్మదో, ఏది నీదో నాకు తెలియదు. నా దగ్గర ఉన్న అమ్మ అంతా ఆ ఫైల్లోనే కదా!"

"ఒరేయ్," అంది మేనత్త మెల్లగా, "ఎందుకు చేశావురా ఈ పని?"

తండ్రి కారు టాపు మీద చెయ్యి పెట్టుకున్నాడు. క్లాసులో పాఠం అప్పజెప్పలేని పిల్లాడిలా ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ చెప్పాడు.

"పదకొండోది అయిపోయిన మర్నాడు పుస్తకం తిరగేశాను. అన్నీ తెల్ల కాగితాలు. సరే, ఇక ఆపేద్దాం అనుకున్నాను. శనివారం పొద్దున లేచి చూస్తే ఇది బూట్లు వేసుకుని, సంచి తగిలించుకుని, నీళ్ళ సీసా నింపుకుని హాల్లో నిలబడింది. 'ఇవాళ అమ్మ ఎక్కడికి వెళ్ళమంది నాన్నా?' అని అడిగింది. అమ్మ పోయాక అది నవ్వుతూ అడిగిన మొదటి మాట. ఎక్కడికీ లేదమ్మా, అయిపోయింది అని చెప్పాలి. నోరు రాలేదు. గదిలోకి వెళ్ళి రాసుకొచ్చాను."

పిచ్చుకకి ఆ పొద్దుట గుర్తుంది. వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. ఉప్పు మ్యూజియం ఎవరూ చూడలేదు. అన్నం డబ్బాలు అలాగే ఇంటికి తిరిగొచ్చాయి.

ఆ వారం ఇంట్లో అందరూ మర్యాదగా ఉన్నారు. ఉప్పు అందించమంటే అందించారు. మేనత్త ఒకసారి, "ఇంత మర్యాద మన వంశంలో లేదే," అంది. ఎవరూ నవ్వలేదు. గోడ మీద కొండ దారి పేజీ ఉన్న చోట నాలుగు పిన్ను గుర్తులు మిగిలాయి.

బుధవారం సాయంత్రం తండ్రి ఆమె గది తలుపు తట్టాడు.

"ఆ పేజీలు ఒకసారి ఇస్తావా?"

"ఎందుకు? ఇంకా రాయడానికా?"

ఆ మాట తగిలింది. తగిలినట్టు ఆమె చూసింది కూడా. అతను అక్కడే నిలబడ్డాడు.

"మా ఆఫీసులో ఒక నియమం ఉంది," అన్నాడు. "చెరిగిన అక్షరం ఎంత బాగా పూరించినా, దాని కింద చిన్న చుక్క పెట్టాలి. తర్వాత చూసేవాళ్ళకి ఏది అసలుదో, ఏది మేం పెట్టిందో తెలియాలి. చుక్క లేకపోతే అది బాగు చెయ్యడం కాదు, దొంగతనం అంటారు. అక్కడా ఇక్కడా కలిపి పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఒక్క చుక్క మరిచిపోలేదు. ఇంట్లోనే పెట్టలేదు."

పిచ్చుక ఫైలు ఇచ్చింది. అతను వంటింటి టేబుల్ దగ్గర కూర్చుని సన్న కలంతో తను రాసిన ప్రతి అక్షరం కిందా చుక్క పెట్టడం మొదలుపెట్టాడు. మేనత్త పప్పులో రాళ్ళు ఏరుతూ చూస్తోంది. అతను ఎక్కడా తడుముకోలేదు. ఏది ఆమెదో అతనికి ఒక్క చూపులో తెలుస్తోంది. పదకొండు పేజీలు విడిగా పక్కన పెట్టాడు. వాటిని ముట్టుకునేటప్పుడు చేతులు తుడుచుకున్నాడు.

పిచ్చుక వచ్చి ఎదురుగా కూర్చుంది. విడిగా పెట్టిన పేజీలు ఒక్కొక్కటే చదివింది. తల్లి రాత చివరి పేజీలకి వచ్చేసరికి వణికింది. తండ్రి రాసినవాటిలో ఆ వణుకు లేదు. తల్లికి జబ్బు చెయ్యకముందటి రాత అది. పిచ్చుక ఆ రెండు రకాల పేజీల్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

తర్వాత తన గదిలోకి వెళ్ళి, మడతలు పడిన ఇంకో కాగితం తెచ్చి అతని ముందు పెట్టింది. కొండ దారి పేజీ.

"దీనికి కూడా పెట్టు," అంది. "పెట్టి ఇచ్చెయ్యి. నాకు కావాలి."

అతను చుక్కలు పెడుతుంటే కలం మొదటిసారి ఆగింది. పిచ్చుక లేచి వెళ్ళలేదు. అతని భుజం పక్కన నిలబడి, పూర్తయ్యేదాకా ఉంది.

శనివారం ఆరు గంటలకి ముగ్గురూ నది ఒడ్డుకి చేరారు. తండ్రికి అక్కడ ఏం చెయ్యాలో తెలియలేదు. చూడ్డానికి బోర్డులు లేవు, చదవడానికి తేదీలు లేవు. గట్టు మీద బెంచీల నిండా పిల్లల అమ్మానాన్నలు దుప్పట్లు కప్పుకుని టీలు తాగుతున్నారు. మేనత్త అప్పుడే ఎవరి దుప్పటి అంచులోనో సర్దుకుని, సైగలతో ఎవరితోనో కబుర్లలో పడింది.

పక్క బెంచీ మీద కూర్చున్న ఒకాయన, ఊళ్ళో రొట్టెల దుకాణం నడిపేవాడు, తండ్రిని పలకరించాడు. వీళ్ళలో మీ పిల్ల ఎవరని అడిగాడు. తండ్రి పడవ చివర కూర్చున్న చిన్న ఆకారాన్ని చూపించాడు. "ఓ, ఆ గొంతు మీ అమ్మాయిదా!" అన్నాడాయన. వాళ్ళమ్మ రాలేదా అని అడిగాడు.

తండ్రి ఆగాడు. ఆ మాట అతను ఇంతవరకూ తన నోటితో ఎవరికీ చెప్పలేదు. స్వదేశంలో అందరికీ అక్క ఫోన్లు చేసింది. ఆఫీసులో సెలవు కాగితం నింపితే సరిపోయింది. ఇప్పుడు నాలుగేళ్ళ ఆఫీసు భాషలో వెతుక్కుని, కట్టుకుని, నాలుగు మాటలు పలికాడు.

"నా భార్య చనిపోయింది. పదిహేను నెలలైంది."

వ్యాకరణం సరిగ్గానే ఉంది. రొట్టెల ఆయన బెంచీ మీద జరిగి చోటిచ్చాడు. తండ్రి కూర్చున్నాడు. అతని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. నది మీద నుంచి, తనకి సగమే అర్థమయ్యే భాషలో, కూతురి గొంతు గట్టిగా, లెక్క తప్పకుండా వినిపిస్తోంది.

అరగంటకి పిచ్చుక తడి బూట్లతో గట్టెక్కి వచ్చింది. "తీసుకున్నారు!" అని దూరం నుంచే అరిచింది. దగ్గరికొచ్చి తండ్రి మొహం చూసి ఆగింది.

"ఏమైంది నాన్నా?"

"ఆయన మీ అమ్మ గురించి అడిగాడు."

"ఏం చెప్పావు?"

"ఉన్నదే చెప్పాను."

పిచ్చుక అతని పక్కన కూర్చుని బూట్లు విప్పుకుంది. చలికి కాళ్ళు దగ్గరికి లాక్కుంది. "నాక్కూడా చెప్పు. నాకు తెలియనిది ఏదన్నా."

తండ్రి నది వైపు చూస్తూ ఆలోచించాడు. "మనం ఇక్కడికొచ్చిన మొదటి వారం. నువ్వు స్కూల్లో ఉన్నావు. మీ అమ్మ కూరగాయలకని బయల్దేరి తప్పు బస్సెక్కింది. ఆఖరి స్టాపు దాకా వెళ్ళిపోయింది. డ్రైవరు వెనక్కి తిరిగి చూస్తే బస్సులో మీ అమ్మ ఒక్కతే..."

"ఇది నాకు కూడా చెప్పలేదేరా!" అంది మేనత్త, దుప్పటి వదిలేసి ఇటు జరుగుతూ.

తండ్రి మాట మధ్యలో ఆపి, అలవాటుగా చేతి గడియారం వైపు చూశాడు.

"తొందరేం లేదు నాన్నా," అంది పిచ్చుక. "ఇవాళ మనం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు."