బయటి గడియ

తమ్ముడు కట్టుకున్న ఇల్లు చూసి అందరూ నోరెళ్లబెట్టారు. తాతగారి నాటి గొడ్లచావిడిని పడగొట్టలేదు. అదే పొడవు, అదే ఏటవాలు కప్పు, అవే దూలాలు. సరస్సు వైపు గోడ మాత్రం పూర్తిగా తీసేసి గాజు గోడ, అందులోనే ఒక గాజు తలుపు పెట్టించాడు. లోపల నిలబడితే నీళ్లు కాళ్ల దాకా వచ్చినట్టే ఉంటుంది. ఇళ్లు గీయడం అతని వృత్తి. ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్లకి గీసిపెట్టి, చివరికి తనకొకటి గీసుకున్నాడు. రేపు పెళ్లాం పిల్లలతో దిగిపోతున్నాడు.

ఆ సాయంత్రం ముసురులో అక్క మొదటిసారి ఆ ఇల్లు చూడ్డానికి వచ్చింది.

"గొడ్డులా తింటున్నావురా, చావిడిలో కట్టేస్తానని బెదిరించేదానివి గుర్తుందా అక్కా? ఇదిగో, నా అంతట నేనే వచ్చేశా," అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. ఆమె చూపంతా తలుపు మీదే ఉంది. పాత తలుపు. దానికి బయటివైపున మూరెడు ఇనప గడియ.

"ఇది తీయించెయ్యరా. గొడ్లకైతే బయట గడియ కావాలి. మనుషులుండే ఇంటికెందుకు?"

"భలేదానివే! అందమంతా దానిదే కదే. వచ్చినవాళ్లు ముందు దాన్నే ఫొటో తీసుకుంటున్నారు."

తమ వంశంలో ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎవరు ఎలా పోయారో ఆమెకి కంఠస్థం. పిల్లలందరికీ ఆమే చెప్పేది. ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదేళ్లప్పుడు ఇలాంటి ముసురులోనే, లేగదూడని ముట్టుకోనివ్వలేదన్న ఉక్రోషంతో, గొడ్ల కాపరి లోపలుండగా ఆ గడియ వేసి పారిపోయింది. ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంది. ఆ రాత్రి సరస్సు పొంగింది. తెల్లారేసరికి చావిడిలో నీళ్లు దూలాలని తాకుతున్నాయి; గొడ్లతో పాటు కాపరీ లోపలే మునిగిపోయాడు. తాగి లోపలే నిద్రపోయుంటాడు, చూడక ఎవరో గడియ వేసుంటారన్నారు పెద్దలు. ఆమె తలొంచుకుని విన్నది. అరవయ్యేళ్ల నుంచి రోజూ దేవుడికి దండం పెడుతూనే ఉంది, ఆయనకి కూడా ఆ మాట చెప్పలేదు.

పిల్లలు ఈ ఇంట్లో అడుగుపెట్టేలోగా ఇవాళ తమ్ముడికి చెప్పేయాలి. అందుకే వచ్చింది.

కొత్త రంగు వాసనలో సన్నగా ఇంకేదో కలిసింది. నానిన గడ్డి... పేడ... తడిసిన పలుపుతాళ్లు.

"ఏంట్రా ఈ వాసన?"

"కొత్త చెక్కలే అక్కా."

కారులో గొడుగు మరిచిపోయానని వంక పెట్టి, కాస్త ధైర్యం కూడగట్టుకుందామని బయటికొచ్చింది.

వెనకాల టంగుమని శబ్దం.

తిరిగి చూసింది. గడియ పడి ఉంది. అక్కడ ఎవరూ లేరు. తన అరచేతినిండా తుప్పు...

"అక్కా! ఏంటీ పరాచికం? తలుపు తియ్యి!"

లాగింది. కదల్లేదు. రెండు చేతులతో లాగింది.

"అక్కా... నీళ్లు... నీళ్లొస్తున్నాయే!"

తలుపు కింద సందులోంచి ఒక్క చుక్క కూడా రాలేదు. లోపల మాత్రం గొడ్లు అరుస్తున్నాయి. కొమ్ములు చెక్కలకి కొట్టుకుంటున్నాయి. తమ్ముడు తలుపు బాదుతున్నాడు.

ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయాయి.

చెక్కకి అవతల, సరిగ్గా ఆమె చెవి దగ్గర, మెత్తటి గొంతు.

"అమ్మాయిగారూ... ఆ రోజు గడియ ఎవరు వేశారమ్మా?"

తమ్ముడు వింటున్నాడు. అతని ఎగశ్వాస వినిపిస్తూనే ఉంది. వాడి ముందు ఎలా చెప్పడం? అక్క అంటే వాడికి తల్లి తర్వాత తల్లి.

"తాతగారు," అంది. "తాతగారే వేయించారు."

"అలాగామ్మా. ఆయన పోయారు కదా..." ఆ గొంతులో కోపం లేదు. "పోనీలెండి. మనవడున్నారుగా."

"వద్దు! నేనే! నేనే వేశాను!"

లోపలి నుంచి తమ్ముడి గొంతు వినిపించింది. ఎక్కడో పైన, దూలాల దగ్గర నుంచి...

"నువ్వా... అక్కా?"

అంతే. ఇంక అతని గొంతు వినపడలేదు.

గడియ మీద వేలు ఆనించగానే జారిపోయింది. లోపల నేల పొడిగా ఉంది. తివాచీ పొడిగా ఉంది. గుమ్మం పక్కనే తమ్ముడు వెల్లకిలా పడున్నాడు. బట్టలు తడవలేదు. నోట్లోంచి మాత్రం పాచినీళ్లు ధారగా కారుతున్నాయి.

ఆమె కేకలకి రేవులో పడవ కట్టేస్తున్నవాడు పరిగెత్తుకొచ్చాడు. తమ్ముడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, పోయాడన్నట్టు తల అడ్డంగా ఊపాడు. తర్వాత గది చుట్టూ చూసి అయోమయంగా అన్నాడు.

"అదేంటమ్మా, సరస్సు వైపు గాజు తలుపు బార్లా తెరిచే ఉందే! బాబుగారు అటునుంచి బయటికి రాలేదేం?"

ఆమె గోడ పట్టుకుని అక్కడిదాకా నడిచింది. గడప అవతల మెత్తటి మట్టిలో గిట్టల గుర్తులు. పక్కపక్కనే, సందు లేకుండా, గాజు గోడ పొడవునా. అన్నీ ఇంటివైపే తిరిగి ఉన్నాయి. నీళ్ల దగ్గర నుంచి వచ్చిన జాడ లేదు. తిరిగి వెళ్లిన జాడా లేదు.

ఆమె చూస్తుండగానే, ఆమె కాలి పక్కన, ఇంకొక గుర్తు పడింది.