చేతి సాక్ష్యం చెల్లదు

నాలుగో జత శబ్దాలు వినిపించకముందే ఇందుమతి వేలు ఎడమ మీట మీదికి వెళ్ళిపోయింది. శబ్దం ఆ తర్వాత వచ్చింది. అరచేతి అంచుతో అదిమిపెట్టిన లావు తీగల మీద ఒక దెబ్బ, దాని వెంటే గరుకైన రొద. అది ఆగాక, ఆలోచిస్తున్నట్టు రెండు క్షణాలు కళ్ళు మూసుకుని, అప్పుడు మీట నొక్కింది. ఐదో జతకు కుడి, ఆరోదానికి ఎడమ. తెర మీద పచ్చగీత వెలిగింది. శ్రోత బెహరా ఇందుమతి ఈ రోజుకు యోగ్యురాలు.

ఉదయపు పరీక్షలో ఆ ఆరు జతలూ పదకొండేళ్ళుగా మారలేదు. మార్చాలని స్వన మండలిలో ఏ ఒక్కరికీ తోచలేదు. అనుమానించవలసింది శ్రోతల చెవుల్ని గాని పరీక్షను కాదని వాళ్ళ ధీమా. ఆమెకు వరస ఎప్పుడో కంఠతా వచ్చేసింది. వరస తెలిసినా తను నిజంగానే వింటున్నానని మొదట్లో అనుకునేది. కీచురాళ్ళ రొద వినపడటం మానేసి రెండు వానాకాలాలు గడిచాయి. విశాఖలో కీచురాళ్ళు తగ్గిపోయాయని సరిపెట్టుకుంది. నలభై ఆరేళ్ళ మనిషి తనను తాను మోసం చేసుకోదలిస్తే సాకులకేం కరువు.

శ్రవణగది ఒకప్పుడు రేవు దగ్గర చేపలు దాచే కోల్డ్ స్టోరేజి. ఎండలు ముదిరితే ఇప్పటికీ ఆ వాసన లేస్తుంది. గది మధ్యలో నల్ల తెర. దాని వెనక ఎవరో చేత్తో కట్టిన గిటార్ ఆంప్లిఫయర్ పెట్టె ఒకటి, వాల్వులు ఎర్రబడి, రెండు వందల వాట్లు తాగుతూ ఉంటుంది. దాని పక్కన ఆ గొంతునే నేర్చుకుని పలికే సబ్బుపెట్టెంత నకలు, ప్రతిస్వనం. దానికి రెండు వాట్లు చాలు. రెండిటికీ స్పీకరు ఒకటే. మనిషి బదులు మరచెయ్యి గిటార్ మీద ఒక పలుకు వాయిస్తుంది, ఇరవైసార్లు. ప్రతిసారీ అది దేని గొంతో శ్రోత చెప్పాలి. పదిహేను సరిగ్గా చెబితే తేడా ఉన్నట్టు, పెట్టె బతికినట్టు. తగ్గితే, దానికి అంత కరెంటు దండగని, ‘భేదం లేదు’ అని ముద్ర పడుతుంది. పెట్టె ఆ సాయంత్రమే లారీ ఎక్కి విడదీత షెడ్డుకు పోతుంది. కట్టినవాడి కరెంటు అనుమతి రద్దవుతుంది. కరెంటు లేనివాడు సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని చేసేదేముంది. ఐదేళ్ళలో ఇందుమతి చేతిమీదుగా రెండు వందల పద్నాలుగు ముద్రలు పడ్డాయి.

ఆ రోజు మొదట వచ్చింది బొబ్బిలి పెట్టె. పనసచెక్కతో చేశారు. రొద పెంచే గెయిన్ బొత్తాం మూడొంతులు తిప్పేసరికి మందంగా, బరువుగా, కింది తీగల్లో కాస్త బురదగా పలికింది. ఆ బురదను కూడా ప్రతిస్వనం చక్కగా నేర్చుకుంది. పన్నెండు. ముద్ర. రెండోది గుంటూరుది. మధ్య స్వరాలు ముక్కుతో మాట్లాడినట్టు ముందుకు తోసుకొచ్చాయి. పై తీగలు బ్లేడులా కోస్తాయని కట్టినవాడు వివరాల కాగితంలో రాశాడు. ఆ కోత ఇందుమతికి తెలియలేదు. అయినా ట్రాన్స్‌ఫార్మర్ ఉండుండి ఒక మూలుగు మూలగడం వల్ల పదహారు సరిగ్గా చెప్పగలిగింది. లోపం ఉన్న పెట్టె బతికింది, లేనిది పోయింది. ఇలాంటివాటికి ఆమె బాధపడటం మానేసి చాలాకాలమైంది.

మూడో పెట్టెతో పాటు దాన్ని కట్టిన మనిషి కూడా వచ్చాడు. కొల్లాబత్తుల దానియేలు, కాకినాడ. డెబ్భై దాటాయి. ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కా, ఉబ్బిపోయిన వేళ్ళ కణుపులు. తయారీదారు సాక్షిగా అద్దం అవతల కూర్చోవచ్చు, మాట్లాడకూడదు. మరచెయ్యి వాయించింది, ఇందుమతి మీటలు నొక్కింది. పెట్టె బాగుంది. గెయిన్ ఎంత పెంచినా స్వరానికీ స్వరానికీ మధ్య గీత చెరగలేదు. తీగను అదిమితే శబ్దం అక్కడికక్కడే తెగింది. కాని ప్రతిస్వనం కూడా అచ్చం అలాగే ఉంది. పదకొండు. కళ్ళు మూసుకుని ఏదో ఒకటి నొక్కినా పది వస్తాయి.

ముద్రాధికారి చక్రధర్ లోపలికి వచ్చి ఫలితం చదివాడు. మంచివాడే. చదివేటప్పుడు తయారీదారు మొహం చూడడు, అంతే. లారీ నాలుగింటికని, వీడ్కోలుకు పది నిమిషాలున్నాయని చెప్పాడు.

వీడ్కోలు అనేది మండలి వారి దయ. ముద్ర పడేముందు కట్టినవాడు తన పెట్టెను ఆఖరిసారి తన చేత్తో వాయించుకోవచ్చు. ఆ పది నిమిషాలూ శ్రోతలు బయటికెళ్ళి టీ తాగడం ఆనవాయితీ. ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు, మధ్యలో మనమెందుకని. ఇందుమతి కుర్చీలోంచి లేచింది.

“నా వేళ్ళు వంగవమ్మా,” అన్నాడు అద్దం అవతలి నుంచి లోపలికొచ్చిన దానియేలు. “మీకు వాయించడం వచ్చని గేటు దగ్గర చెప్పారండి. నా బదులు మీరు వాయించండి. రెండు నిమిషాలు చాలు.”

కుదరదని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. చక్రధర్ వైపు చూస్తే అతను భుజాలెగరేశాడు. గేటు కాపలాదారు చెప్పింది నిజమే. ఇరవై రెండేళ్ళ కిందట జగదాంబ సెంటర్ వెనక ఒక గ్యారేజీలో ఆమె నలుగురు కుర్రాళ్ళతో కలిసి చెవులు చిల్లులు పడేలా వాయించేది. ఆ చెవులను చూసే మండలి ఉద్యోగమిచ్చింది. ఉద్యోగంలో చేరాక శ్రోత తీగ ముట్టుకోకూడదు. వాయించే చెయ్యి వినే చెవికి పక్షపాతం నేర్పుతుందని నియమం.

మరచేతి బిగింపులు విప్పి గిటార్ బయటికి తీసింది. తెర తొలగించారు. మూలానికీ ప్రతిస్వనానికీ మధ్య మార్చే తొక్కుడు మీట ఆమె కాలి దగ్గరే ఉంది. వేళ్ళు మెత్తబడిపోయి తీగలు కోసుకుంటున్నాయి. మొదట మరచెయ్యి వాయించే పలుకే వాయించింది, అంతే బలంగా. కాలితో తొక్కింది, మళ్ళీ వాయించింది. తేడా లేదు. తన పదకొండు న్యాయమైన పదకొండేనని ఆమెకు కాస్త తేలికగా అనిపించింది. అలా అనిపించినందుకు తర్వాత సిగ్గుపడింది.

అప్పుడు, వేళ్ళు మండుతున్నాయని, మెల్లగా మీటింది.

మూలం రొద తగ్గించుకుంది. శబ్దం చిన్నదవడం కాదు, గరుకుదనమే కరిగిపోయి, లోపలున్న తీగ గొంతు బయటపడింది. గిటార్ మీద బొత్తాం సగానికి తిప్పితే ఇంకా శుభ్రమైంది. తిరిగి గట్టిగా కొట్టింది. పెట్టె ఒక్క క్షణం వెనక్కి తగ్గి, తర్వాత నిండుగా పొంగి వచ్చింది. ఆ తగ్గడం ఆమె చెవికి కాదు, మీటే వేళ్ళకు తెలిసింది. వాటి కింద నేల కాస్త దిగినట్టు, మళ్ళీ లేచినట్టు ఉంది. ఎంత కొడితే అంత జవాబు. ఆమె మీట తొక్కింది. మెల్లగా మీటింది. ప్రతిస్వనం అదే అరుపు అరిచింది, కాస్త దూరం నుంచి. బొత్తాం తిప్పింది. అదే అరుపు, ఇంకా దూరం నుంచి. గట్టిగా కొట్టింది. రాయి మీద కొట్టినట్టుంది.

దానియేలు మెల్లగా దగ్గరికొచ్చాడు. “ఆ ట్రాన్స్‌ఫార్మర్ నలభై రోజులు చుట్టానమ్మా. కావాలనే కాస్త బలహీనంగా చుట్టాను. గట్టిగా కొడితే తట్టుకోలేక తగ్గాలి. ఆ తగ్గడం లేకపోతే అది వాయిద్యం కాదండి, కేకలేసే పెట్టె.”

ఇందుమతికి విషయం బోధపడింది. అందరికీ సమన్యాయం జరగాలని మరచెయ్యి ఇరవైసార్లూ ఒకే బలంతో కొడుతుంది. ప్రతిస్వనం నేర్చుకున్నదీ ఆ మరచెయ్యి దగ్గరే, ఆ బలంతోనే. పక్షపాతం లేకుండా పోల్చాలనే పట్టుదలతో, పోల్చవలసినదాన్నే గదిలోకి రానివ్వలేదు. పదకొండేళ్ళుగా ఇంతమంది కలిసి తూచినది, పెట్టె ఒకే దెబ్బకు ఎలా అరుస్తుందన్నది మాత్రమే.

ఆమె చక్రధర్‌కు చూపించింది. మెల్లగా, గట్టిగా, మెల్లగా. అతనికి వినబడింది. అది అతని మొహంలోనే తెలిసింది. కాని ముద్ర వేయడానికి విన్నది సరిపోదు. తొమ్మిదో నిబంధన ప్రకారం చేతి సాక్ష్యం చెల్లదని, కావాలంటే అర్జీ పెట్టవచ్చని, విచారణకు రావడానికి రెండేళ్ళు పడుతుందని అతను మెత్తగానే చెప్పాడు. లారీని ఆపే అధికారం తనకు లేదన్నాడు. అదీ అబద్ధం కాదు.

దానియేలు వాదించలేదు. పెట్టె పైన చెయ్యి పెట్టి, కాలుతున్నా తీయకుండా నిలబడ్డాడు. కాకినాడలో ఆయన దుకాణానికి రేపు పొద్దున కరెంటు రాదు. మళ్ళీ ఇలాంటిది కట్టడానికి ఆయనకు వేళ్ళూ లేవు, నేర్చుకున్నవాళ్ళూ లేరు. ఇందుమతి సంతకం పెడితే లోకంలో ఈ గొంతు ఇక ఉండదు. చేత్తో పట్టుకుని చూసినదాన్ని లేదని రాయడం ఆమెకు ఇదే మొదటిసారి.

చక్రధర్ నిర్ణయపత్రం ముందు పెట్టాడు. అందులో నాలుగు వాక్యాలు, చివర బొటనవేలి గడి. నాలుగో వాక్యాన్ని ఆమె ఐదేళ్ళలో ఒక్కసారి కూడా చదవలేదు. అది శ్రోత తన గురించి చెప్పుకునే మాట: నా శ్రవణశక్తిలో లోపం లేదని ధ్రువీకరిస్తున్నాను.

ఆమె ఆ వాక్యం మీద చాలాసేపు వేలు పెట్టి ఉంచింది. ధైర్యంతో కాదు, భయంతో. శ్రోత కాకపోతే ఆమె ఏమీ కాదు. తప్పుడు చెవులతో నిర్ణయాలిచ్చినవాళ్ళను మండలి జైలుకు పంపదు. విడదీత షెడ్డుకు పంపుతుంది, తాము చంపిన పెట్టెల వాల్వులు తామే పీకడానికి. ఒకసారి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం ఆమె చూడలేదు.

“చక్రధర్ గారూ, ఇది రికార్డులో ఎక్కించండి,” అంది. “నా చెవులు పనిచెయ్యడం లేదు. పై స్వరాలు వినబడక రెండేళ్ళయింది. ఉదయపు పరీక్ష నేను విని రాయడం లేదు. వరస గుర్తుపెట్టుకుని నొక్కుతున్నాను.”

చక్రధర్ రికార్డు యంత్రం మీద అరచెయ్యి మూశాడు. “మేడం, ఆ మాట నేను వినలేదు. టీ తాగి రండి. వచ్చాక సంతకం పెట్టండి.”

“మీ చెవులు బాగానే ఉన్నాయి కదా.”

అతను చెయ్యి తీయలేదు. దీని అర్థం ఆమెకు తెలుసా అని అడిగాడు. ఒక్క పెట్టెతో పోదని, రెండేళ్ళ నిర్ణయాలన్నీ కొట్టుకుపోతాయని, వాటి మీద నిలబడ్డ ప్రతిస్వనాలన్నిటికీ అనుమతి రద్దవుతుందని, దాన్ని ఆపే మీట ఎవరి దగ్గరా లేదని చెప్పాడు. చివరికి బతిమాలాడు. తనకూ పిల్లలున్నారన్నాడు. ఇందుమతి అతని చెయ్యి నెమ్మదిగా పక్కకు తీసి, అన్న మాటే మళ్ళీ అంది. ఆ తర్వాత నాలుగో వాక్యం పక్కనున్న ‘లోపం ఉంది’ గడిలో బొటనవేలు పెట్టింది.

మండలి నియమాలు రాసినవాళ్ళు శ్రోత అబద్ధమాడుతుందేమోనని నూరు జాగ్రత్తలు తీసుకున్నారు. నిజం చెబితే ఏం చెయ్యాలో మాత్రం యంత్రానికి వదిలేశారు. యంత్రం తన పని చేసుకుపోయింది. తొంభై ఒక్క ‘భేదం లేదు’ నిర్ణయాలు చెల్లవు. ఆ తొంభై ఒక్క మూలాల నుంచి తీసిన ప్రతిస్వనాలు తీరం పొడవునా ఎన్ని వేలున్నాయో, అనుమతి పోవడంతో అన్నీ ఒకేసారి మూగబోయాయి. రుషికొండ వేదిక మీద పాట మధ్యలో తెగిందని మొదటి ఫోను. రాజమండ్రి నుంచి రెండోది. బొబ్బిలి నుంచి, ఒంగోలు నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వస్తూనే ఉన్నాయి. చక్రధర్ కాసేపు జవాబు చెప్పాడు. తర్వాత ఫోను మోగుతుండగానే కుర్చీలో కూలబడ్డాడు. దానియేలు పెట్టె కాగితం మీద ‘నిర్ణయం లేదు’ అని అచ్చయింది. లారీకి ఇక దాంతో పనిలేదు.

ఇందుమతికి గుండెలో ఏదో విచ్చుకున్నట్టయింది. చాలా ఏళ్ళ తర్వాత ఒక మంచి పని చేశాననుకుంది. ముసలాయన ఏమంటాడో వినాలని ఆయన వైపు తిరిగింది.

దానియేలు ఆమెను చూడటం లేదు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, తెర మీద దిగుతున్న రద్దుల జాబితా చదువుతున్నాడు. పేరు, ఊరు, తేదీ. వేలితో ఒక్కో వరసా కిందికి జరుపుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగాడు. కొల్లాబత్తుల యోబు, సామర్లకోట.

“మా తమ్ముడిదీ మీరే విన్నారా అమ్మా?”

“నేనేనండి.”

“ఆడి పెట్టె ఇప్పుడు తిరిగొస్తుందా?”

తిరిగి రావడానికి ఏమీ మిగలలేదని, షెడ్డుకు వెళ్ళినవి వారంలోగా కరిగించేస్తారని ఆమె చెప్పింది. ఇంకా లారీ ఎక్కని బొబ్బిలి పెట్టె తప్ప, జాబితాలో ఉన్నవన్నీ అంతే. చెబుతున్నప్పుడు తన గొంతు తనకే సరిగా వినబడలేదు.

“వీడ్కోలుకి ఆడు వాయించాడంటమ్మా,” అన్నాడు దానియేలు. “ఆడి వేళ్ళు బాగానే ఉండేవి. మెల్లగా, గట్టిగా, అన్ని రకాలా వాయించాడంట. గదిలో ఒక్కరైనా ఉండుంటే తెలిసేదన్నయ్యా అని, ఇంటికొచ్చి అదే మాట పదిసార్లన్నాడు. మీరు ఎక్కడున్నారండి?”

“బయట. టీ తాగుతున్నాను.”

ఆయన తల ఊపాడు. ఆయన కోప్పడి ఉంటే ఆమెకు కాస్త సులువుగా ఉండేది. చల్లారిన పెట్టెకున్న వైర్లు విప్పి, పక్కపిడి పట్టుకుని లేపబోయాడు. నలభై కిలోల బరువు. వంగని వేళ్ళలోంచి పిడి జారింది. ఇందుమతి గబగబా వెళ్ళి రెండో పిడి పట్టుకుంది.

“వద్దమ్మా. వదిలెయ్యండి,” అన్నాడాయన.

ఆమె వదిలేసింది. ఆయన పెట్టెను నేల మీద ఈడ్చుకుంటూ, మధ్యలో రెండుసార్లు ఆగి, గుమ్మం దాకా ఒక్కడే తీసుకెళ్ళాడు.