అమ్మ గొంతుకు అడ్డొచ్చిన హోరు

ఆ ఉదయం కాఫీ కప్పుతో గదిలోకి వచ్చిన కొడుకు కెవ్వున కేకేశాడు.

"అమ్మా! లాప్‌టాప్‌కి దుప్పటి కప్పావేంటి? వేడెక్కి చస్తుంది!"

టీచరమ్మ దొరికిపోయిన దొంగలా మైకు పక్కన పెట్టింది. రిటైరయ్యాక ఆవిడ వ్యాపకమల్లా ఒకటే. చూపులేని వాళ్ల కోసం పుస్తకాలు పైకి చదివి, రికార్డు చేసి లైబ్రరీకి పంపడం. పాత లాప్‌టాప్ మూలపడితే కొడుకు ఇది తెచ్చాడు. మామూలుది చాలురా అని ఆవిడ మొత్తుకున్నా వినలేదు. దుకాణంలో అన్నిటికన్నా పెద్దది కొంటే గానీ ఆ మహానుభావుడికి నిద్రపట్టదు.

"దుప్పటి తీస్తే అది ఊరుకోదురా. హోరుమంటుంది."

"మరి ఇందులో గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉంది కదమ్మా! ఎంత పెద్ద గేమైనా పరుగెడుతుంది. అది చల్లబడాలంటే ఫ్యాన్లు తిరగొద్దూ?"

"నేను గేమ్‌లు ఎప్పుడు ఆడాన్రా?"

గుమ్మం దగ్గర కోడలు నవ్వు ఆపుకుంది. కొడుకు ముఖం మాడిపోయింది.

"అంటే నీకు నాసిరకం తెచ్చిపడేయాలా? మా అమ్మకి మంచిది కొనడం కూడా తప్పేనా?"

"ఏది మంచిదో నన్నడిగావా?" అంది ఆవిడ. "పంపినవన్నీ వెనక్కొచ్చాయిరా. హోరు తప్ప ఏమీ తెలియట్లేదట. ఈసారీ ఇలాగే వస్తే పుస్తకం ఇంకొకరికి ఇచ్చేస్తారట. ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన గొంతురా ఇది. ఇది కూడా ఎవరికీ అక్కర్లేకపోతే ఇంక నేనెందుకు?"

కోడలు నవ్వు మాయమైంది. లోపలికొచ్చి మొగుడి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, వెనక్కొచ్చిన రికార్డు ఒకటి పెట్టింది.

అతను కళ్లు మూసుకుని విన్నాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే కథ చదవమని మారాం చేసి, ఇలాగే కళ్లు మూసుకునేవాడు. టీచరమ్మకు కోపం సగం అక్కడే కరిగిపోయింది.

"నీ మాట ఒక్కటీ వినపడట్లేదమ్మా," అన్నాడు చివరికి. కళ్లు తడిగా ఉన్నాయి.

సాయంత్రం ముగ్గురూ దుకాణానికి వెళ్లారు. గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే కలిసి ఉండే రకమైతే చదువుకీ, రాతకీ, సినిమాలకీ బోలెడని, పెద్దగా వేడెక్కదని దుకాణదారు చెప్పాడు. కొడుకు చెయ్యి అలవాటుగా పెద్దదాని వైపు వెళ్లి, ఆగింది.

"నువ్వే చూసుకో అమ్మా."

టీచరమ్మ వంగి ఒక పల్చటి లాప్‌టాప్‌కి చెవి ఆనించింది.

"పాపం, దీనికి నోరే లేదు. ఇదే ఇప్పించు."

ఇంటికొచ్చాక ఆవిడ మైకు ముందు కూర్చుంటే, కొడుకు తనే లేచి సీలింగ్ ఫ్యాను ఆపేశాడు. చెమటలు కక్కుతూ ఆవిడ కుర్చీ పక్కన నేలమీద కూలబడ్డాడు.

"చదువమ్మా," అన్నాడు.

ఆవిడ మొదలుపెట్టింది. కథ అయ్యేదాకా అతను కదల్లేదు.